నారింజ రంగు పెడల్ చేయని తప్పు

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఆదివారాలు మా చర్చిలో గిటార్ వాయిస్తాను. మా మావయ్య ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో వాయించేవారు. కువైట్ వెళ్లే ముందు తన బాస్ కంపెనీ డీఎస్-1 డిస్టార్షన్ పెడల్‌ను, అంటే గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే, కాలితో నొక్కే నారింజ రంగు డబ్బాను, నాకు ఇచ్చారు. నెల కిందట ఒక కార్యక్రమంలో తొందరపడి కీబోర్డు అడాప్టర్‌ను దానికి పెట్టాను. అది 12 వోల్టులది. కాలిన వాసన వచ్చింది. అప్పటినుంచి మామూలు గిటార్ శబ్దం కూడా రావడం లేదు. కొత్త బ్యాటరీ వేసి చూస్తే అయిదు నిమిషాల్లో చేయి పెట్టలేనంత వేడెక్కింది. దుకాణంలో చూపిస్తే బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోమన్నారు. పెడల్ మీద పీఎస్‌ఏ (బాస్ కంపెనీ సొంత 9 వోల్టుల) అడాప్టర్ వాడమని రాసి ఉంది.

ఇంకో సంగతి. బాగున్న రోజుల్లో కూడా దాని శబ్దం తేనెటీగలు ముసిరినట్టు చెవులు గీరేది. మాకు గిటార్ యాంప్లిఫయర్ లేదు, నేరుగా మిక్సర్‌కే కలుపుతాను. డయోడ్లు, కెపాసిటర్లు, ఐసీ వంటి లోపలి భాగాలు మారిస్తే పెడలే మారిపోతుందని వీడియోల్లో చూశాను. ఎలాగూ విప్పుతాను కాబట్టి మరమ్మతూ మార్పులూ ఒకేసారి చేయవచ్చా? సోల్డరింగ్ కాలేజీలో కొద్దిగా నేర్చుకున్నాను. షాక్ కొడుతుందని అమ్మ భయపడుతోంది. మావయ్యకు ఈ విషయం ఇంకా చెప్పలేదు.

— ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: మీ పెడల్ బతికే ఉందని నేను ధైర్యంగానే చెప్పగలను. ఆ ధైర్యాన్ని నాకు ఇచ్చింది మీ ఉత్తరంలోని ఒక్క వాక్యం: బ్యాటరీ చేయి పెట్టలేనంత వేడెక్కింది. బ్యాటరీ అంతగా వేడెక్కిందంటే దాని రెండు కొనల మధ్య ఎక్కడో అడ్డదారి పడిందని అర్థం. కరెంటు సర్క్యూట్‌లోకి వెళ్లి పని చేయకుండా ఆ దారినే వెనక్కి వచ్చేస్తోంది. అది ఎక్కడ పడి ఉంటుందో కూడా, మీరు చెప్పిన అడాప్టర్‌ను బట్టి, ఇక్కడ కూర్చునే ఊహించవచ్చు.

ఈ తరహా పెడళ్లలో కరెంటు లోపలికి వచ్చే గుమ్మంలోనే, ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య, ఒక డయోడ్‌ను కాపలా పెడతారు. డయోడ్ కరెంటును ఒక వైపుకే పోనిస్తుంది. అడాప్టర్ సరైనదైతే ఈ డయోడ్ మూసిన తలుపులా ఉండిపోతుంది, దానికి పనేమీ ఉండదు. ప్లస్, మైనస్ తారుమారైన అడాప్టర్ తగిలిన క్షణాన అది తెరుచుకుని ఆ కరెంటునంతా తానే మింగి, లోపలి భాగాల మీదికి వెళ్లకుండా చూస్తుంది. గిటార్ పెడళ్ల అడాప్టర్‌లో పిన్ను మధ్యభాగం మైనస్, చుట్టూ ఉన్న గొట్టం ప్లస్. కీబోర్డుల అడాప్టర్లలో చాలావాటికి ఇది తలకిందులు, మధ్యభాగమే ప్లస్. మీ కీబోర్డు అడాప్టర్ మీద ఒక చిన్న బొమ్మ ఉంటుంది: నడుమ చుక్క, దాని చుట్టూ సగం వలయం, రెండు పక్కలా ప్లస్, మైనస్ గుర్తులు. చుక్కకు కలిసిన గీత ప్లస్ దగ్గరికి పోతుంటే జరిగింది ఇదే.

ఆ అడాప్టర్ 12 వోల్టులది, పైగా ఒక పెద్ద కీబోర్డును నడిపేంత కరెంటు ఇవ్వగలది. బియ్యపు గింజకన్నా కాస్త పెద్దదైన డయోడ్ ఆ ధాటికి ఎంతసేపు ఆగుతుంది? వేడెక్కి, లోపల కరిగి, రెండు వైపులా కరెంటు పోనిచ్చే తీగముక్కలా మారిపోతుంది. మీకు వచ్చిన వాసన దానిదే అయి ఉంటుంది. తీగముక్కలా మారాక కూడా అది చేసిన మేలు ఒకటుంది. తప్పుడు దిశలో వచ్చిన 12 వోల్టులు శబ్దాన్ని పెంచే చిప్ అయిన ఐసీదాకా వెళ్లకుండా చివరిదాకా అడ్డం నిలిచింది. ఆ డయోడ్ కరగడానికి బదులు తెగిపోయి ఉంటే బ్యాటరీ చల్లగానే ఉండేది, లోపల నష్టం మాత్రం పెద్దదయ్యేది. అందుకే మీ బ్యాటరీ వేడి నాకు శుభవార్తలా వినిపించింది.

మామూలు గిటార్ శబ్దం కూడా రావడం లేదని మీరు భయపడ్డారు. ఈ పెడల్ విషయంలో అది సహజమే. డీఎస్-1లో కాలితో నొక్కే మీట నేరుగా తీగలను మార్చదు. ఎఫెక్ట్ ఆపి ఉన్నప్పుడు కూడా గిటార్ శబ్దం లోపలి ట్రాన్సిస్టర్ల గుండానే బయటికి పోతుంది. కరెంటు లేకపోతే ఆ దారి మూసుకుపోతుంది. ట్రూ బైపాస్ అనే రకం పెడళ్లలో అయితే బ్యాటరీ తీసేసినా ఉత్త గిటార్ వినిపిస్తుంది. మీ స్నేహితులెవరైనా వాళ్ల పెడల్‌తో పోల్చి మీది పూర్తిగా పోయిందని తీర్పు చెబితే పట్టించుకోకండి.

దుకాణంవాళ్ల మాటను కూడా నేను తప్పుపట్టను. ఒక డయోడ్ ధర రెండు మూడు రూపాయలు. దాన్ని వెతకడానికి పట్టే గంట సమయానికి మీ దగ్గర ఎంత తీసుకోవాలో వాళ్లకు తోచదు. ఇలాంటి పని ఇంట్లోనే చేసుకోవాలని నేను ఎప్పుడూ చెప్పేది అందుకే. ఆ గంట మీది, మీ పెడల్ కోసం ఖర్చు పెడతారు, దానితోపాటు వచ్చే చదువు కూడా మీదే.

అమ్మగారికి ఈ మాట చదివి వినిపించండి. ఈ పెడల్‌లో ఉండేది 9 వోల్టుల బ్యాటరీ, అది షాక్ కొట్టదు. గోడలోని 230 వోల్టులు వచ్చేది అడాప్టర్ డబ్బాదాకా మాత్రమే. కాబట్టి అడాప్టర్‌ను విప్పకూడదు, మరమ్మతు జరిగినంతసేపూ బ్యాటరీతోనే పని చేయాలి. వాల్వులు ఉన్న పాత యాంప్లిఫయర్లు ఎప్పుడైనా ఎదురైతే వాటి జోలికి మాత్రం వెళ్లకండి. వాటిలో కొన్ని వందల వోల్టులు ఉంటాయి, స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటాయి. మీ పనిలో నిజంగా జాగ్రత్త పడవలసింది సోల్డరింగ్ ఐరన్ కొన దగ్గర, అది దాదాపు 350 డిగ్రీల వేడిలో ఉంటుంది. సోల్డర్‌లో సీసం ఉంటుంది కాబట్టి పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కునే అన్నం దగ్గర కూర్చోండి. కిటికీ తెరిచి పెట్టుకోండి, ఆ పొగ గొంతుకు మంచిది కాదు.

సామాను పెద్దగా అక్కర్లేదు. 25 వాట్ల ఐరన్, 60 వంతుల తగరం, 40 వంతుల సీసం కలిసి మధ్యలో రోసిన్ (అతుకు బాగా పట్టేలా చేసే బంక) ఉన్న సన్నని సోల్డర్ తీగ, పాత సోల్డర్‌ను లాగేసే చేతి పంపు, ఒక సాధారణ మల్టీమీటర్ చాలు. రేకులు అతికేవాళ్లు వాడే ఆమ్లపు పేస్టును దగ్గరికి రానివ్వకండి. అది ఈ రోజు బాగా అతికినట్టే కనిపిస్తుంది, కొన్ని నెలల్లో రాగి గీతలను తినేస్తుంది. డయోడ్ పేరు 1ఎన్4001. అది దొరకకపోతే 1ఎన్4007 కూడా పనికొస్తుంది, మీ ఊరి టీవీ మెకానిక్ డబ్బాలో తప్పకుండా ఉంటుంది. మిగతా భాగాలకు హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్ ఉన్నాయి. గిటార్ జాక్ కావలసినప్పుడు పీ-38 అని అడగండి, కౌంటర్ వెనక ఉన్నాయనకు వెంటనే అర్థమవుతుంది.

పెడల్ మీద ఐరన్ పెట్టే ముందు ఒక సాయంత్రం పనికిరాని పాత రేడియో బోర్డు మీద సాధన చేయండి. పది భాగాలు ఊడదీసి మళ్లీ అతికించండి. కొనతో ఒకేసారి బోర్డు మీది రాగినీ భాగం తీగకాలునూ తాకి, అవి వేడెక్కాక సోల్డర్‌ను వాటికే తగిలించాలి. సోల్డర్‌ను ఐరన్ కొన మీద కరిగించి బొట్టులా అంటించకూడదు. ఒక్కో అతుకు మీద మూడు నాలుగు సెకన్లకు మించి నిలబడకండి. పాత బోర్డుల మీద వేడి ఎక్కువైతే రాగి గీత పొరలా లేచిపోతుంది. దాన్ని సరిచేయడం డయోడ్ మార్చడంకన్నా కష్టం.

ఇక అసలు పనిలోకి వద్దాం. బ్యాటరీ తీసి, పెడల్ అడుగున ఉన్న నాలుగు మరలు విప్పితే రేకు ఊడి వస్తుంది. దాని కింద బోర్డుకు అడ్డంగా ఒక ప్లాస్టిక్ పొర ఉంటే జాగ్రత్తగా దాచండి, అది బోర్డు రేకుకు తగలకుండా కాపాడుతుంది. ప్రతి దశలో ఫోనుతో ఫోటో తీయండి. బ్యాటరీ తీగలు సన్ననివి, పదే పదే వంచితే తెగుతాయి. అడాప్టర్ జాక్ నుంచి వచ్చే తీగలు బోర్డును చేరిన చోట చూడండి. నల్లని చిన్న స్తూపంలా, ఒక చివర వెండిరంగు పట్టీతో కనిపించేది మనం వెతుకుతున్న డయోడ్. దాని ఒంటి మీద పగులు గానీ, బోర్డు మీద గోధుమరంగు మచ్చ గానీ ఉండవచ్చు. చూడటానికి బాగున్నా నమ్మకండి. మీటరును డయోడ్ గుర్తు మీద పెట్టి దాని రెండు కాళ్లనూ తాకండి, తరవాత మీటరు ముళ్లను అటూ ఇటూ మార్చి మళ్లీ తాకండి. ఆరోగ్యంగా ఉన్న డయోడ్ ఒక వైపు 0.5 నుంచి 0.7 వరకు చూపిస్తుంది, రెండో వైపు అలా చూపించదు. రెండు వైపులా సున్నా దగ్గరే ఆగితే ఒక కాలు ఊడదీసి మళ్లీ చూడండి. విడిగా కూడా సున్నానే చూపిస్తే అడ్డదారి దొరికినట్టే. డయోడ్‌ను లేపేశాక కూడా బోర్డు మీద ప్లస్, మైనస్ మధ్య సున్నా చూపిస్తుంటే తప్పు మరో భాగంలో ఉంది. అప్పుడు ముందుగా అనుమానించవలసింది చిన్న డబ్బీల్లా నిలబడి ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లను. వాటి తల ఉబ్బిందేమో, కింద తడిమరక ఉందేమో చూడండి.

కొత్త డయోడ్‌ను పట్టీ ఉన్న వైపు ప్లస్‌కు వచ్చేలా అతికించండి. తిప్పి అతికిస్తే మంచి బ్యాటరీకే అడ్డదారి పడుతుంది. ఆ తరవాత తొందరపడి యాంప్లిఫయర్‌కో మిక్సర్‌కో కలపవద్దు. మీటరును మిల్లీ ఆంపియర్ల మీద పెట్టి, బ్యాటరీ ఒక కొనకూ దాని క్లిప్‌కూ మధ్య కలపండి. ఇన్‌పుట్ జాక్‌లో గిటార్ కేబుల్ తీగ గుచ్చి ఉండాలి, అది మరిచిపోకండి. ఈ పెడళ్లలో ఆ తీగ గుచ్చితేనే బ్యాటరీ మైనస్ కలుస్తుంది. వాయించడం అయ్యాక తీగ తీసేయకపోతే బ్యాటరీ కొన్ని రోజుల్లోనే నీరసించడానికీ, విప్పి కూర్చున్నవాళ్లు వోల్టేజ్ ఎక్కడా లేదని కంగారు పడటానికీ కారణం ఇదొక్కటే. మీటరు నాలుగైదు మిల్లీ ఆంపియర్ల దగ్గర నిలిస్తే బాగుంది. పదుల్లోకి, వందల్లోకి పోతుంటే వెంటనే తీసేయండి.

కరెంటు సరిగా ఉంటే వోల్టేజీలు చూడండి. ఐసీకి ఒక కాలు దగ్గర దాదాపు 9, మరో కాలు దగ్గర సున్నా ఉంటాయి. అవుట్‌పుట్ కాలు దగ్గర 4.5 చుట్టుపక్కల ఉండాలి. గిటార్ శబ్దం పైకీ కిందికీ సమానంగా ఊగాలంటే అది సరఫరాకు సరిగ్గా నడుమ నిలబడాలి కదా, అందుకే సగం. అక్కడ 8 గానీ 1 గానీ కనిపిస్తే ఐసీ దెబ్బతినిందని గానీ, ఆ సగం వోల్టేజ్‌ను తయారుచేసే రెసిస్టర్లు, కెపాసిటర్ దగ్గర లోపముందని గానీ అనుకోవాలి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా శబ్దం రాకపోతే ఏం చేయాలో చెబుతాను. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన పరికరం ఇది, దీన్ని మీరే తయారుచేసుకోవచ్చు. పనికిరాని గిటార్ కేబుల్ తీగ ఒకటి తీసుకుని ఒక చివర కోసేయండి. లోపలి తీగకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి అతికించండి. దాని మీద 104 అని ఉంటుంది. కెపాసిటర్ రెండో కాలే మీ ముల్లు. బయటి అల్లిక తీగకు ఒక క్లిప్ తగిలించి పెడల్ మైనస్‌కు పట్టించండి. తీగ రెండో చివరను యాంప్లిఫయర్‌కో మిక్సర్‌కో బాగా తక్కువ వాల్యూమ్‌లో కలపండి. పెడల్ ఇన్‌పుట్‌కు గిటార్ బదులు ఫోనులో శ్రుతిపెట్టె యాప్ ఆన్ చేసి, దాని శబ్దాన్ని సన్నగా పంపండి. అది ఆగకుండా మోగుతూనే ఉంటుంది, మీ రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఇప్పుడు ఆ ముల్లుతో ఇన్‌పుట్ జాక్ దగ్గర మొదలుపెట్టి వరసగా తాకుతూ వెళ్లండి: మొదటి కెపాసిటర్, ట్రాన్సిస్టర్, ఐసీ, డయోడ్లు, టోన్ కంట్రోల్, లెవెల్ కంట్రోల్, అవుట్‌పుట్. మీ వైపు కాలువ చివరి పొలానికి నీళ్లు రాకపోతే రైతు గట్టు వెంట నడుచుకుంటూ ఎక్కడిదాకా నీరు వచ్చిందో చూసుకుంటాడు. ఇదీ అంతే. శ్రుతి వినిపించిన చివరి చోటుకూ, వినిపించని మొదటి చోటుకూ మధ్యనే గండి ఉంటుంది. చాలాసార్లు అది ఒక పగిలిన అతుకే అవుతుంది, తాకి మళ్లీ వేడిచేస్తే సరిపోతుంది.

ఇంత వివరంగా రాయడానికి కారణం మీ అసలు ప్రశ్న. మరమ్మతూ మార్పులూ ఒకేసారి చేయవచ్చా అన్నారు. వద్దు. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట నా మొదటి పెడల్‌ను విప్పినప్పుడు ఒకే రాత్రి అయిదు కెపాసిటర్లు, రెండు డయోడ్లు మార్చాను. మూసి చూస్తే శబ్దం లేదు. ఏడింటిలో తప్పు ఎక్కడ జరిగిందో తెలియక రెండు వారాల రాత్రులు దాని ముందే గడిపాను. చివరికి ఒక ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌ను తిప్పి అతికించానని తేలింది. దాని ఒంటి మీద ఉండే చార మైనస్ వైపు అని నాకు తెలుసు, అయినా ఏడో భాగం దగ్గరికి వచ్చేసరికి కళ్లు అలిసిపోయాయి. అప్పటినుంచి ఒక్కటి మార్చడం, మూసి వినడం, పుస్తకంలో రాసుకోవడం, తరవాతే రెండోది. మీరు కూడా ముందు పెడల్‌ను పాత శబ్దానికి తీసుకురండి. మావయ్య విన్న శబ్దం అది. దాన్ని ఒక నెల వినండి.

ఆ నెలలో మీకు ఇంకో నిజం తెలుస్తుంది. తేనెటీగల మోత పెడల్‌లో పుట్టిన లోపం కాదు.

డిస్టార్షన్ అంటే ధ్వనితరంగాల తలలు కత్తిరించడం. కత్తిరించిన చోట ఎన్నో పై స్వరాలు పుడతాయి, వాటిలో పైపైకి వెళ్లేవి చెవిని గీస్తాయి. గిటార్ యాంప్లిఫయర్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ దాదాపు 5,000 హెర్ట్జ్ దాటాక శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. ఆ స్పీకర్ ముందు కూర్చుని వినేవాళ్ల కోసమే ఈ పెడళ్లను తయారుచేశారు. డీఎస్-1 బయటికి వచ్చింది 1978లో. అప్పటినుంచి జో సాట్రియాని, స్టీవ్ వై, కర్ట్ కొబేన్ వంటివాళ్లు దాన్ని వాయించింది అలాంటి స్పీకర్ల గుండానే. మీ మిక్సర్, దాని వెనక చర్చి స్పీకర్లు మనిషి మాటలోని సకారాలు కూడా స్పష్టంగా వినిపించడానికి అమర్చినవి. అవి 5,000 పైన ఉన్నదాన్ని కూడా ఏమీ దాచకుండా మీ ముందు పెడతాయి. జల్లెడ పట్టని పిండిలా ప్రతి ఊకా నోటికి తగులుతుంది.

కాబట్టి ఖర్చు లేని పనులు ముందు. మిక్సర్‌లో మీ చానల్‌కు ఉన్న హై కంట్రోల్‌ను బాగా తగ్గించండి. పెడల్ టోన్‌ను గడియారంలో తొమ్మిది చూపించే దిశకు తిప్పండి, డిస్టార్షన్‌ను సగానికి దించండి. గుడి అయినా చర్చి అయినా పెద్ద హాల్లో మోత ఎలాగూ ఎక్కువ, తక్కువ డిస్టార్షన్‌తోనే స్వరం నిండుగా వినిపిస్తుంది. వీలైతే ఎవరిదైనా చిన్న గిటార్ యాంప్లిఫయర్ ఒక ఆదివారానికి అడిగి తెచ్చి, దాని ముందు పాటలు పాడే మైకు పెట్టి చూడండి. తేడా మీరే వింటారు. స్పీకర్ చేసే ఈ వడపోతను అనుకరించే క్యాబినెట్ సిమ్యులేటర్ పెడళ్లు కూడా దొరుకుతాయి. నేరుగా మిక్సర్‌కు వాయించక తప్పనివాళ్లకు డబ్బు పెట్టదగిన వస్తువు అదేనని నా అభిప్రాయం.

నెల తరవాత కూడా చేయి ఊరుకోకపోతే మీ అవసరానికి సరిపోయే ఒక మార్పు చెబుతాను. ఇందులో ఏ భాగాన్నీ ఊడదీయనక్కర్లేదు. బోర్డు మీద పక్కపక్కనే ఎదురెదురు దిశల్లో రెండు చిన్న గాజు డయోడ్లు ఉంటాయి. తరంగాల తలలు కత్తిరించేవి అవే. వాటికి సమాంతరంగా ఒక 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్, వాటికి ముందు 2.2 కిలో ఓముల రెసిస్టర్ ఉంటాయి. ఈ రెసిస్టరూ కెపాసిటరూ కలిసి 7,200 హెర్ట్జ్ దగ్గరినుంచి పై శబ్దాన్ని తగ్గిస్తాయి. మీరు ఇంకో 0.01 కెపాసిటర్‌ను, అంటే 103 అని ముద్రించి ఉండేదాన్ని, బోర్డు అడుగువైపు ఆ డయోడ్ రెండు కాళ్లకే అడ్డంగా అతికిస్తే విలువ రెట్టింపై ఆ హద్దు 3,600 దగ్గరికి దిగుతుంది. సిగ్నల్ చిన్నగా ఉన్నప్పటి లెక్క ఇది. డయోడ్లు కత్తిరిస్తున్నప్పుడు లెక్క మారుతుంది, అయినా చెవికి గీతలు తగ్గడం మాత్రం తెలుస్తుంది. ఈ కెపాసిటర్‌కు ప్లస్, మైనస్ లేవు, ఎటు అతికించినా ఒకటే. నచ్చకపోతే ఒక్క నిమిషంలో తీసేయవచ్చు. మావయ్య వస్తువు ఆయన ఇచ్చినట్టే మిగులుతుంది.

వీడియోల్లో చూసినవాటి గురించి క్లుప్తంగా చెబుతాను. రెండు డయోడ్లలో ఒకదాని స్థానంలో ఎర్ర ఎల్‌ఈడీ పెట్టే మార్పు మంచిదే. మామూలు సిలికాన్ డయోడ్ 0.6 వోల్టుల దగ్గర కత్తిరిస్తే, ఎల్‌ఈడీ 1.7 దాటాక కత్తిరిస్తుంది. శబ్దం పెద్దదై, గిటార్‌ను మీటే బలంలోని తేడాలు ఎక్కువ వినిపిస్తాయి. గరుకుదనం మాత్రం దానివల్ల తగ్గదు, మీ సమస్యకు అది మందు కాదు. ఐసీ మార్పిడి జోలికి వెళ్లకండి. మీ డీఎస్-1లో ఐసీ కాళ్లు ఒకే వరుసలో ఉంటాయి. వీడియోల్లో చూపించే ఎనిమిది కాళ్ల ఐసీలు రెండు వరుసలవి, అవి ఆ రంధ్రాల్లో కూర్చోవు. పైగా తలలు కత్తిరించే పని డయోడ్లదే అయినప్పుడు ఐసీ పేరును బట్టి వచ్చే తేడా, దానికోసం చెల్లించే ధరకు తగినంత ఉండదు. ట్రూ బైపాస్ స్విచ్ కోసం డబ్బాకు రంధ్రం చేయడం మరీ వద్దు. మిక్సర్‌దాకా మీకు పది మీటర్ల తీగ ఉంటుందనుకుంటాను. అంత పొడవు తీగ గిటార్ పై స్వరాలను తినేస్తుంది. ఈ పెడల్‌లోని బఫర్ ట్రాన్సిస్టర్లు (శబ్దం బలం తగ్గకుండా ముందుకు పంపేవి), ఆపి ఉన్నప్పుడు కూడా, అలా జరగకుండా అడ్డుకుంటున్నాయి. దాన్ని తీసేసి బాగుచేశామని చెప్పుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ప్రయోగాలు చేయాలనే కోరిక మీలో ఉంది, అది చల్లారకూడదు. అందుకు జీరో పీసీబీ (రంధ్రాలున్న ఖాళీ బోర్డు) ముక్క, రెండు మూడు బీసీ549 ట్రాన్సిస్టర్లు కొనుక్కుని సొంతంగా ఒక చిన్న ఫజ్ సర్క్యూట్ (ఇంకా మొరటు రకం డిస్టార్షన్) కట్టుకోండి. దాని మీద ఎన్ని మార్పులైనా చేయండి, కాల్చుకోండి, మళ్లీ కట్టండి. ఈ శబ్దపు జాతకమే అలాంటిది. 1960ల మొదట్లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక రికార్డింగ్ జరుగుతుండగా మిక్సింగ్ బల్లలో ఒక భాగం పాడై బాస్ గిటార్ శబ్దం చిరిగినట్టు వచ్చింది. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ లోపాన్ని పారేయకుండా, దాన్నే కావాలని పుట్టించే సర్క్యూట్ తయారుచేశాడు. 1962లో మాస్ట్రో ఫజ్-టోన్‌గా అమ్మకానికి వచ్చిన పెడల్ అదే. నేను కూడా ఒక చలికాలంలో పాత జర్మేనియం ట్రాన్సిస్టర్లతో ఫజ్ కట్టాను. డిసెంబరులో తియ్యగా పాడింది, మే నెల ఎండల్లో గొంతు పూడిపోయింది. జర్మేనియం వేడికి కరెంటును కారుస్తుంది, దానివల్ల వోల్టేజీలన్నీ జారిపోతాయి. మన ఊళ్లలో సిలికాన్ ట్రాన్సిస్టరే నమ్మకమైనదని ఆ వేసవిలో నేర్చుకున్నాను.

పెడల్ బాగయ్యాక దానికి సరైన అడాప్టర్ కొనండి: 9 వోల్టులు, రెగ్యులేటెడ్ (వోల్టేజ్ నిలకడగా ఉండేది), మధ్యభాగం మైనస్. 500 మిల్లీ ఆంపియర్లది పెడితే పెడల్ కాలిపోతుందని కొందరు అంటారు. అది నిజం కాదు. పెడల్ తనకు కావలసిన నాలుగైదింటినే తీసుకుంటుంది. కాల్చేవి ఎక్కువ వోల్టేజ్, తారుమారైన దిశ. కీబోర్డు అడాప్టర్ పిన్ను దగ్గర ఎర్ర టేపు చుట్టి పెట్టండి, చీకటి వేదిక మీద చేతికి తగిలినా గుర్తుపట్టవచ్చు.

మావయ్యకు ఈ వారమే ఫోను చేయండి. బాగుచేశాక చెబుదామని ఆగవద్దు. ఆర్కెస్ట్రాలో అన్నేళ్లు తిరిగిన మనిషి, జరిగింది విని మీ మీద కోపం తెచ్చుకోరని నా నమ్మకం. పెడల్‌ను ఆయన ఎప్పుడైనా విప్పించారా, ఏదైనా మార్పించారా అని కూడా అడగండి. ఆ సమాధానం బోర్డు మీద మీరు చూడబోయే సోల్డర్ అతుకుల్లో ఏవి ఫ్యాక్టరీవో, ఏవి తరవాతివో చెబుతుంది. డయోడ్ మార్చాక మీటరు ఎన్ని మిల్లీ ఆంపియర్లు చూపించిందో, ఐసీ అవుట్‌పుట్ కాలు దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నాయో, ఆ రెండు సంఖ్యలూ నాకు రాసి పంపండి. శబ్దం వచ్చినా, రాకపోయినా.